గుషికెన్ చావనన్న రోజు

ఓకినావా దీవిలోని కోజా ఊళ్లో తోమీ అత్త కొట్టు ముందు బల్ల మీద గుషికెన్ సేయిజి చేరాడంటే, ఆ పూట ఎవరి టీ అయినా చల్లారిపోవలసిందే. అతని తండ్రి అక్కడి సైనిక స్థావరంలో ఉండిన ఎవరో నల్ల అమెరికా సిపాయి, ఇతను పుట్టకముందే ఓడెక్కి పోయాడు. తల్లి టోఫు అమ్మి పెంచింది. అరవై దాటినా ఓకినావా వదిలి వెళ్లింది లేదు, ఇంగ్లీషు ముక్క రాదు. అయినా శవాలు లేచి మనుషుల్ని కరిచే సినిమాలు తీయడానికి టోక్యో నుంచి ఎవరొచ్చినా, ఆ మొహం చూసి అమెరికా సిపాయి శవం వేషమే ఇస్తారు. ఒక్కసారైనా ఒక్క మాట పలికి తెర మీద కనపడాలని అతని కోరిక. అది తోమీ అత్తకు తెలుసు.

“పోయినేడు సమాధుల పండగనాడు ఆ సమాధుల దగ్గరే షూటింగు పెట్టారు చూడు,” అన్నాడు నల్లబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని. “డైరెక్టర్ని మొహం మీదే అడిగేశాను. ఏమయ్యా, నల్లగా ఉంటే చచ్చినవాడేనా? బతికేవాళ్లంతా టోక్యో నుంచే దిగాలా? మా ఊళ్లో బతికే మొహం ఒక్కటీ దొరకలేదా నీకు, అని.”

“శభాష్ అన్నా!” అన్నాడు టాక్సీ నడిపే ఇకెహారా. రేపు శవం వేషానికి రమ్మని అతనికీ కబురొచ్చింది.

“అంతటితో ఆగానా? నేను చావనని చెప్పేశాను. హీరో కాల్చాడు, నిలబడ్డాను. మళ్లీ కాల్చాడు, ముక్కు గోక్కున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తక్కిన శవాలన్నీ లేచి మేమూ చావమన్నాయి. ఇంతలో పండగ భోజనాలకని మన ముసలమ్మలు పంది మాంసం డబ్బాలతో సమాధుల దగ్గరికొచ్చారు. మమ్మల్ని చూసి జడిశారా? ‘అయ్యో, తాతయ్యలు స్వయంగా వచ్చారే, ఎంత చిక్కిపోయారో’ అని కూర్చోబెట్టి వడ్డించారు!”

“హీరో మాటేమిటి?”

“వాడికి సారా పోశారు. తుపాకీ మద్దెల చేసుకుని వాయించాడు. ఆ చప్పుడుకి, నీ మీద ఒట్టు, సమాధుల తలుపులు తీసుకుని అసలు తాతలే బయటికొచ్చారు! ఓకినావాకి సొంత రాజున్నప్పటి మంత్రి ఒకాయన డైరెక్టరు చొక్కా పట్టుకున్నాడు. ‘ఏరా, మా రేవులో దిగిన ప్రతి రంగు వాడూ మా పంక్తిలో తిన్నాడు, నా మనవణ్ణి శవాన్ని చేస్తావా?’ అని. డైరెక్టరు నా కాళ్ల మీద పడి హీరో వేషం ఇస్తానన్నాడు. నాకొక్కడికే వద్దు, తాతలందరికీ బతికున్న వేషాలే ఇవ్వమన్నాను. అంతే, తాతలు బారులు తీరి సముద్రం మీద నడుచుకుంటూ టోక్యో వెళ్లి, పార్లమెంటులో కూర్చుని...”

ఇకెహారాకి నవ్వుతో టీ పొలమారింది. “అయితే ఇక ఆ వేషానికి వెళ్లవన్నమాట!”

“చస్తే వెళ్లను. నువ్వూ వెళ్లకు. మనమెవరమూ వెళ్లకపోతే చచ్చినట్టు మనల్ని బతికిస్తారు!”

తోమీ అత్త నవ్వు సగంలో ఆగింది. తడి తువ్వాలు తెచ్చి అతని చెవి వెనక గట్టిగా రుద్దింది. తువ్వాలుకి శవం వేషానికి పూసే బూడిదరంగు అంటింది.

“ఇది పోయినేటిదా సేయిజీ?”

అతను చెవి తడుముకున్నాడు. ఇకెహారా గ్లాసు కింద పెట్టాడు.

“పొద్దుటిది,” అన్నాడు గుషికెన్. “అడిగానత్తా. ఇది మాత్రం నిజం. హీరో నన్ను కాల్చేముందు మన ఓకినావా భాషలో ‘ఆకలేస్తోంది’ అంటానని అడిగాను. డైరెక్టరు నవ్వాడు. సిపాయివి కదా, ఇంగ్లీషులో అనమన్నాడు. నాకెక్కడొచ్చు ఇంగ్లీషు? నా మొహానికొచ్చా?”

“మరేం చేశావు?”

“మూలిగాను.”

తోమీ అత్త తువ్వాలు మడత మార్చి రెండో చెవి వెనక రుద్దడం మొదలుపెట్టింది. “ఏ భాషలో?”

అతను నడుము నిటారు చేశాడు.

“మన భాషలోనే! మన ముసలాళ్లు చాప మీంచి లేస్తూ మూలుగుతారే, అచ్చం అలా. వాడికేం తెలుసు, బ్రహ్మాండంగా ఉందన్నాడు.”