మచ్చ లేని వీపు

ప్రదర్శన మొదలవడానికి ఇంకో గంట ఉంది. ఫొటోగ్రాఫర్ నిచ్చెనెక్కి, చెల్లెలి వీపుని తీసిన నిలువెత్తు ఫొటోని గోడకి సరిచేస్తోంది. ఇంతలో ఆ చెల్లెలే వచ్చి వెనక నిలబడింది.

“దించెయ్ దాన్ని.”

“మొహం కనబడదు కదే. నువ్వని ఎవరికి తెలుస్తుంది?”

“నాకే తెలియట్లేదు. నా కాలిన మచ్చ ఏదక్కా?”

ఫొటోగ్రాఫర్ నిచ్చెన మీదే వెనక్కి తిరిగింది.

“చూసేవాళ్లు ఇబ్బంది పడతారని కాస్త చెరిపాను.”

“పక్క ఫొటోలో ఆ ముసలాయన గూని చెరపలేదే! ఆ చివరి ఫొటోలో ఆవిడ ఆపరేషన్ గాటు అలాగే ఉంచావే! పైగా గుమ్మం మీద ‘ఒళ్లు అబద్ధమాడదు’ అని ఇంతింత అక్షరాలతో బోర్డొకటి!”

“నీ మంచికే చేశానే.”

“నా మంచికా? మరుగుతున్న నీళ్లు నా మీద కుమ్మరించింది నువ్వని పాతికేళ్లుగా అమ్మ చెవిన కూడా వెయ్యలేదు. నేనే ఒంపుకున్నానని చెప్పుకుంటూ తిరిగాను.”

“అప్పుడు చిన్నదాన్ని. కోపంలో ఏదో…”

“ఇప్పుడు చిన్నదానివి కాదుగా? మచ్చ పెట్టినప్పుడూ నన్నడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. దించు!”

అక్క కిందికి దిగి, నిచ్చెన మోసుకుంటూ గుమ్మం దగ్గరికి నడిచింది. ఫొటో జోలికి పోలేదు. బోర్డు దించేసింది.