జామ, తల్లి, రవిక

కేతేపల్లికి దగ్గరలో ఒక ఊరు. ఫిల్టరు నీళ్ల ప్లాంటు. పొద్దటి జనం క్యాన్లు నింపుకొని వెళ్లిపోయారు. ప్లాంటు చూసుకునే జానమ్మ, చివరగా వచ్చిన విజేందర్ మాత్రమే మిగిలారు.

“క్యాన్ నిండింది తమ్మీ. పొర్లుతాంది చూడు.”

“పొర్లనియ్యి. నేనడిగిన దానికి చెప్పు జానమ్మా. గా బోర్డు మీద రాసింది ఏంది?”

“ముడి.”

“ఏం ముడి?”

“మాటల ముడి. రోజూ రాస్తనే ఉంట గద. మూడు మాటలు రాస్త, తెలిసినోళ్లు ఇప్పుతరు. క్యాన్ నిండేదాక అందరు నిలవడాలె. ఊకె నిలవడితే నేను ముందంటె నేను ముందని కొట్లాటలు. కరోనప్పటి సంది రాస్తున్న. నువ్వెన్నడు చూడలేదా?”

“బండి మీద వస్త, నింపుకొని పోత. నేనేం చూస్త. నిన్న చూసిన. ‘జామ, తల్లి, రవిక’. ఇయ్యాల గూడ గదే ఉన్నది. రోజూ మారుస్తవట గద. ఇదెందుకు మార్వలే?”

“మర్సిపోయిన.”

“మర్సిపోయినవా?”

“మోటరు ఖరాబైంది. దాని ఫికర్ల పడి మర్సిపోయిన.”

“మోటరు నడుస్తనే ఉన్నది.”

“ఇప్పుడు నడుస్తాంది.”

“సరే. దాని జవాబేంది?”

“మొదటి అక్షరాలు కలుపు. జామల జా, తల్లిల త, రవికల ర.”

“జాతర.”

“అయిపాయె. ఇప్పినవ్. పిల్లలు ఇప్పితే చాక్లెట్ ఇస్త. నీకు గూడ ఇయ్యాల్నా?”

“నవ్వకు.”

“నవ్వుతలేను తమ్మీ.”

“ఇప్పుడేం జాతర ఉన్నది?”

“జాతర ఉంటేనే జాతర అని రాయాల్నా? మొన్న ‘పలక’ అని వచ్చింది. ఊర్ల ఎవరికన్న అక్షరాభ్యాసం చేసిన్రా?”

“మల్లికను గూడ గిదే అడిగిన. మా ఇంట్ల.”

“మల్లిక ఏమన్నది?”

“నువ్వెందుకు అడుగుతున్నవ్?”

“ఊకెనే.”

“ఊకెనే ఎట్ల అడుగుతవ్? నా పెండ్లాం నాతో ఏమన్నదో నీకెందుకు?”

“నువ్వే మాట తీస్తివి, నేనడిగితిని. చెప్పకు పో.”

“జాతర అన్నది. నాకు గంతే ఎరుక అన్నది. అనుకుంట అనుకుంట చేతుల ఉన్న గిన్నె వణికింది. నీళ్ల కాడ ఆడే ఆట అయితే గిన్నె ఎందుకు వణుకుతది జానమ్మా?”

“నువ్వు అడిగే తీరుకు వణికి ఉంటది.”

“ఏం తీరు?”

“గిప్పుడు నన్ను అడుగుతున్న తీరు.”

“నన్ను పక్కకు మళ్లియ్యకు. ఇంకోటి చెప్త, విను. ఈ నడుమ పొద్దూకంగ నేను ఇంటికి పోతె వాకిట్ల ఎవరో ఒకరు ఉంటున్నరు. ఒకనాడు నర్సింగమ్మ. పెరుగుకు తోడు కావాల్నట. తోడు తీసుకున్నది, పోవాలె గద? కూసున్నది. ఇంకోనాడు నాగరాణి జల్లెడకని వచ్చింది. జల్లెడ ఒళ్లె పెట్టుకొని కూసున్నది. నేను తిని పండుకునేదాక లేవలే.”

“ఇరుగుపొరుగు అన్నంక వస్తరు.”

“ఇన్నేండ్లు రానోళ్లు ఇప్పుడే వస్తరా? నిన్న నల్గురు వచ్చిన్రు. నల్గురు. సూది కావాలని ఒకామె వచ్చింది. సూదికి తోడు ముగ్గురా?”

“నాకేం ఎరుక తమ్మీ. నేను ప్లాంటు కాడ ఉంట.”

“ఎరుకే. నీకే ఎరుక. నిన్న పొద్దుగాల నేను గీడ వరుసల ఉన్న. నాగరాణి బోర్డు దిక్కు చూసింది, వేలు వెట్టి లెక్కవెట్టింది, మల్ల నా దిక్కు చూసింది. చూసి తల దించుకున్నది. దాని ఎనకామె గూడ గంతే. నన్ను చూసి మాట బంద్ వెట్టిన్రు. పొద్దూకేటాలకు మా వాకిట్ల ఉన్నరు.”

“ఆడోళ్లు నీ దిక్కు చూస్తే గూడ నన్నే అడుగుతవా?”

“నేను చెప్త నువ్వు రాసిందేందో. జామ అంటే దశరథ్ జామ తోట. తల్లి అంటే మా అమ్మ ఇంట్ల లేని యాళ్ల. ఇగ రవిక అంటే నేను చెప్పాల్నా?”

“ఏం మాటలు తమ్మీ గవి.”

“నువ్వు రాసిన మాటలే. ఆమె ఆడికి పోతది, గీ ఆడోళ్లు వాకిట్ల కూసొని నన్ను కదలనియ్యరు. అంతేనా?”

“నల్గురు వచ్చినప్పుడు మల్లిక యాడున్నది?”

“ఇంట్లనే ఉన్నది.”

“నీ కండ్ల ముంగటనే ఉన్నది గద. మరి జామ తోటకు ఎట్ల పోతది?”

“నిన్న పోలే. అంతకుముందు పోలేదని ఏం గ్యారంటీ? ఫోన్ల ఏం దొరకలే, ఆమె ఫోన్ నా తాననే ఉంటది. అందుకే గీ బోర్డు పట్టుకున్నరు. దశరథ్ తోట నుంచి నీకు జామకాయలు రావట్లేదా, చెప్పు?”

“వస్తయి. ఊరందరికి వస్తయి. నువ్వు గూడ తింటవ్.”

“నేను ఇయ్యాల తేల్చుకుంట. ఆమెను అర్రల వెట్టి గొళ్లెం పెట్టొచ్చిన.”

“ఏమన్నవ్?”

“అవును. పేరు చెప్పేదాక తియ్య. నువ్వు చెప్పకుంటె గిట్నుంచి గిటే దశరథ్ తోటకు పోత. వాని సంగతి చూసి, ఎనుకకు వచ్చి ఆమె సంగతి చూస్త.”

“ఇంట్ల ఎవరున్నరు?”

“మా అమ్మను వాకిట్ల కావలి కూసోవెట్టిన.”

“మీ అమ్మ సుక్కమ్మ ఉన్నదా ఆడ?”

“ఉన్నది. ఎందుకు?”

“ఏం లేదు. ఉంటే మంచిదే.”

“ఏం మంచిది?”

“ఒంటరిగ లేదు గద పిల్ల. అందుకన్న. కూసో తమ్మీ జర. నీళ్లు తాగు.”

“నాకు నీళ్లొద్దు. పేరు కావాలె.”

“దశరథ్ కు దీనికి ఏం సంబంధం లేదు. ఆయన బోర్డు కూడ చదవడు. ఆయనకు కండ్లు సరిగ కనవడవు.”

“మరి ఎవనికి సంబంధం?”

“ఎవనికి లేదు. గది ఆట.”

“ఆటనా? ఉల్టా చదివితే ఏమైతది? జామను ఉల్టా చదివితే మజా. చూసినవా, మజా అని ఉన్నది.”

“తల్లిని ఉల్టా చదువు మరి.”

“ల్లిత.”

“రవికను?”

“కవిర. ఏం రాలే.”

“ఏం రాదు. ఏం లేదు గనకనే రాదు. క్యాన్ ఎత్తుకో. ఎండైతాంది. ఇంటికి పోయి గొళ్లెం తియ్యి.”

“ఆగు. నాగరాణి వేలు వెట్టింది గద నిన్న.”

“అక్షరాలు రానోళ్లు వేలు వెట్టే చదువుతరు.”

“ఆమెకు అక్షరాలొస్తయి. సంఘం లెక్కలు ఆమెనే రాస్తది. వేలు మాటల ముంగట పెట్టలే. ఎనుక పెట్టింది. ఒక్కో మాట ఎనుక.”

“తమ్మీ, మోటరు బంద్ చెయ్యాలె, జర పక్కకు జరుగు.”

“జామ ఎనుక మ.”

“ఇను నా మాట.”

“తల్లి ఎనుక ల్లి.”

“విజేందర్.”

“రవిక ఎనుక క.”

“కూసో.”

“మల్లిక. నా పెండ్లాం పేరు. ఊరి నడుమ బోర్డు మీద నా పెండ్లాం పేరు. రెండొద్దుల సంది. ఎవడు రాయమన్నడే? చెప్పు. ఎవడు?”

“మొగోడు ఎవడు లేడు.”

“మొగోడు లేకుంటె ఆడిదాని పేరు గిట్ల దాసి ఎవరు రాస్తరు?”

“నేనే రాసిన. ఇంతకుముందు గూడ వేరే మాటలల్ల దాసి రాసిన. గదువ కింది నుంచి చెయ్యి తియ్యి, చెప్త. దూరం నిలవడు. ఆ, గట్ల. ఇప్పుడు విను. జాతర పిల్లలకు. చివరి అక్షరాలు ఆడోళ్లకు. పొద్దుగాల చదువుకుంటరు, పొద్దూకంగ పోతరు.”

“యాడికి పోతరు?”

“ఏ పేరు ఉంటే ఆ ఇంటికి.”

“ఎందుకు?”

“తోడుకు, జల్లెడకు, సూదికి.”

“నాతోటి ఆడుకోకు.”

“ఆడుకుంటలేను. ఒకనాడు ఒకరింటికి నేను ఖాళీ క్యాన్ అడుగుదామని పోయిన. ఎవరిల్లని అడగకు, చెప్ప. లోపటికి పోయేసరికి ఆమె మొగడు చెయ్యి లేపి ఉన్నడు. నన్ను చూసి దించిండు. నేను క్యాన్ తీసుకొని పోవాలె. పోబుద్ధి కాలే. అరుగు మీద కూసున్న. వానల సంగతి అడిగిన, గొర్లకు మందు ఏసిన్రా అని అడిగిన. అతను జవాబు చెప్పిండు. చెప్పుకుంట చెప్పుకుంట మెత్తవడ్డడు. అన్నం తిని పండుకున్నడు. ఆమె ఆనాడు ఒక్క దెబ్బ తినలే. నేనేం చేసిన? ఊకె కూసున్న. గంతే. మందిల కొట్టనీకి మొగోనికి సిగ్గైతది తమ్మీ. తాగినా సిగ్గైతది.”

“దానికి నాకేం సంబంధం?”

“నీకేం లేకుంటె మంచిదే.”

“నేనేదో రోజూ కొట్టినట్టు మాట్లాడుతున్నవ్.”

“కొట్టినవని నేను అనలే. నువ్వే అన్నవ్.”

“మొగుడు పెండ్లాం అన్నంక సవాలక్ష ఉంటయి. నీకెందుకు? ఊరికెందుకు? ఒక దెబ్బ పడ్డదే అనుకో, అది నా ఇంట్ల సంగతి.”

“అందుకే నీ ఇంట్లకే వచ్చి కూసున్నరు. బయట ఎవరికి చెప్పలే. ఒక్కమాట అడుగుత. వాళ్లు వచ్చుడు షురువైన కాడ్నుంచి నీ చెయ్యి లేసిందా?”

“అంతమంది ఉంటే ఎట్ల లేస్తది.”

“గదే తమ్మీ.”

“గదే అంటవేంది. ఎన్ని పేర్లు రాసినవ్ గిట్ల?”

“అది చెప్ప.”

“ఎవరెవరి ఇండ్లు?”

“చెప్ప. నువ్వు ఇప్పుడు నా గొంతు పట్టుకున్నా చెప్ప.”

“పంచాయతికి పోత. గీ ప్లాంటు బంద్ చేయిస్త.”

“చేయించు. మల్ల ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగుర్రి. మా నాయిన నడుము యాబై ఏండ్లకే వంగింది గా నీళ్లతోటి. నీ పండ్లు గూడ పచ్చగనే ఉన్నయి, నీకు తెలవంది కాదు.”

“మల్లికే చెప్పింది గద నీకు. నోరు తెరిచి నీ కాడ ఏడ్చింది. ఇంటి గుట్టు బజార్ల పెట్టింది.”

“మల్లిక చెప్పలే.”

“అబద్ధం.”

“నేను అబద్ధం చెప్పలే.”

“ఇందాక మోటరు ఖరాబన్నవ్.”

“గది అబద్ధం. ఇది కాదు. మల్లికను నేనే అడిగిన, గీడనే, క్యాన్ నింపుకుంట. చెంప మీద వాపేందని. బర్రె తల విసిరిందన్నది. మీకు బర్రె యాడున్నది? ఇంకోమారు బాత్రూంల జారినన్నది. ‘మా ఆయన మంచోడే అక్కా’ అన్నది. నువ్వు అర్రల వెట్టి గొళ్లెం పెట్టొచ్చినవే, గా పిల్ల ఒక్క మాట నీ మీద అనలే.”

“మరి నీకెట్ల ఎరుక?”

“చెప్పినోళ్లు చెప్పిన్రు.”

“ఎవరు? పక్కింటి రాములు పెండ్లామా? ఆమె గోడకు చెవి పెడ్తది, నాకెరుక.”

“ఆమె కాదు.”

“నర్సింగమ్మనా?”

“కాదు.”

“నువ్వు చెప్పకుంటె నేను పోయి మల్లికనే అడుగుత. అడిగే తీరుల అడుగుత.”

“అందుకే చెప్త. ఆ పిల్ల మీదికి పోతవని భయమైతాంది. లేకుంటె చెప్పకపోదును. ఆమె వచ్చి ‘మా ఇంటికి గూడ పంపు, మల్లిక పేరు రాయి’ అన్నది. ఇయ్యాల బోర్డు మార్చొద్దని గూడ ఆమెనే పొద్దుగాల వచ్చి చెప్పింది. ‘ఒకనాడు వాడు నిన్ను అడుగుతడు, దాయకు, నా పేరే చెప్పు’ అన్నది. నేనే ఇంతసేపు ఆగిన.”

“అయిపాయె గద. చెప్పు మరి. ఎవరామె?”

“మీ అమ్మ. ‘వీని నాయిన నన్ను కొట్టేటప్పుడు వీడు మంచం కింద దూరి చెవులు మూసుకునెటోడు జానమ్మా, నన్ను ఇడిపించేందుకు ఒక్కరు రాకపాయె, గీ పిల్లకన్న మనుషులను తోలు’ అని నా ముంగట కూసొని ఏడ్చింది.”