కుళ్ళాయప్పకు పూచీ ఎవరు?

రెండువేల ఎనిమిదిలో మాట. కదిరి బస్టాండు ఎదురుగా లక్ష్మక్క టీ అంగట్లో కుళ్ళాయప్ప నోరు విప్పాడంటే, బస్సు పోయినా ఎవరూ లేచేవాళ్ళు కాదు. నెట్ సెంటర్ నడిపే మనిషి. ఒక పొద్దు ముదిగుబ్బలో కంప్యూటర్లు నేర్పే సారా ఆయనకొక సంగతి చెప్పాలని వచ్చింది. సందు దొరక్క బెంచీ చివర కూర్చుంది.

"మా మెసేజీల నెట్టుకు యజమానే లేడప్పా! కదిరికొక కంప్యూటరు, ముదిగుబ్బకొకటి, విడపనకల్లుకొకటి. ఒకదాంట్లో రాస్తే అన్నిట్లోకీ పోతాది. దాంట్లోకి లాటరీ తగిలిందని, బట్టతలకు మందని రోజుకు వంద దొంగ మెసేజీలు! నేనేం చేసినానో తెలుసా? ఒకటే అడిగినా, నువ్వు మాలో ఎవురికి తెలుసప్పా అని. తెలిసినోళ్ళు ఇద్దరు పూచీ పడితే లోపలికి రా, లేదంటే వాకిట్లోనే ఉండు!"

"ఆగినాయా?" అన్నాడు వెంకటప్ప. గొర్రెల సంత కబుర్ల కోసం ఆయనా ఆ నెట్టులో చేరాడు.

"లక్ష ఆగినాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లాటరీ దొర విమానమేసుకోని శెనక్కాయ చేన్లో దిగినాడు. నా కాళ్ళు పట్టుకోని, 'నన్ను తమ్ముడని ఒక్క మాట రాయన్నా' అని ఏడిచినాడు. ఆ కన్నీళ్ళకు ఎండిన బోర్లలో నీళ్ళు పడినాయి!"

"మా బోరు ఇంకా ఎండే ఉండాదే?"

"నీ బోరు కాడికొచ్చేసరికి కండ్లు తుడుచుకున్నాడులే. ఇంకా విను. సముద్రంలో నెట్టు తీగ ఏసినోళ్ళు ఫోన్ చేసి, 'దొంగ మెసేజీల బరువు లేక మా తీగ పైకి తేల్తాండాది, కొన్నన్నా వదలన్నా' అని బతిమాలినారు!"

అందరితో పాటు సారా కూడా నవ్వింది. ఆ పూచీ పద్ధతి కంప్యూటర్లో రాసి పెట్టింది తనే. అయినా ఆ మాట అనబుద్ధి కాలేదు. ఆయన చెప్తుంటేనే బాగుంది. వచ్చిన పని మాత్రం చెప్పక తప్పదు.

"అన్నా, నాలుగు దినాలుగా నీకెవరూ జవాబియ్యలేదు కదా?"

కుళ్ళాయప్ప గ్లాసు దించాడు. "నీకెట్ల తెలుసమ్మా? అందరికీ నామీద కోపమొచ్చిందేమో అనుకుంటాండా," అన్నాడు మెల్లగా.

"కోపం కాదన్నా. 'మా నెట్ సెంటర్‌కు రండి, రండి' అని రోజుకు నలభైసార్లు పంపినావు. విసుగొచ్చి అందరూ నీ పూచీ ఎనక్కి తీసుకున్నారు. ఈ నాలుగు దినాల్లో ఆగిన దొంగ మెసేజీల్లో సగం నీవే."

అంగడి గొల్లుమంది. కుళ్ళాయప్ప తల దించుకున్నాడు. ఆ ముఖం చూసి సారా మనసు చివుక్కుమంది.

"నేను పూచీ పడినాలే అన్నా. ఇంకొకరు కావల్ల."

కుళ్ళాయప్ప తలెత్తి ఒక్కొక్కరి వైపే చూశాడు.

"నా పేరు రాసుకో పాపా," అన్నాడు వెంకటప్ప. "ఈయప్ప చెప్పేది ఒక్కటీ నమ్మను. కానీ మనిషిని నమ్ముతా."