కార్జం ముక్క

పెరట్లో దుంకుడు నేర్పడానికి కట్టిన కర్ర పక్కనే, చచ్చిపోయిన పెంపుడు కుక్క బంటి మీద తండ్రి గోనెసంచి కప్పాడు. కూతురి చేతిలో బంటి ఆడుకునే గుడ్డబంతి ఉంది.

“ఎవలో వీధికుక్కలకని మందు కలిపిన మాంసం ఏసిండ్రు బిడ్డా. నువ్వేం జేస్తవ్?”

“సిరిసిల్లల కుక్కల పోటీ దగ్గర పడ్డది. బంతి ఆశ జూపి నేర్పితే ఆలస్యమైతదని, దుంకినప్పుడల్లా మేక కార్జం ముక్క పెట్టిన నాయినా.”

“గండ్ల తప్పేమున్నది?”

“బంతి నా చేతిల్నే ఉంటది. ముక్కలు ఎవలైనా ఏస్తరు.”

తండ్రి గోనెసంచి అంచు సర్దాడు.

“పొద్దుగాల గోడ గూడ గట్లనే దుంకింది. అవతల ఏందో తిని, నా దిక్కు జూసి తోక ఊపింది.”

“నువ్వేం జేసినవ్?”

ఆమె గుడ్డబంతిని సంచి కిందికి తోసింది.

“మంచిగ దుంకిందని ‘శభాష్’ అన్న నాయినా.”