తొమ్మిది పాదాల లోతు

ఇగో, ఉమాకాంతు నాయినా! జర తల కిందికి వంచుకో. ఎన్నిసార్లు చెప్పాలె నీకు? నిన్న పొద్దుమీకేదాక తట్టతోని ఇసుక పోసి పోతి. ఇయ్యాల వచ్చి చూస్తే, పాలగిన్నె పిల్లి నాకినట్టు నున్నగ నాకిపోయింది ఈ దరియా. ఇంకో నాలుగు అలలు గట్టిగ కొట్టినయనుకో, నీ నెత్తి బయటపడ్తది. డుమస్‌కు గాలికొచ్చిన గుజరాతోళ్ళు టమాట భజ్జీలు ఇసుకల పారేసి సూరత్ స్టేషన్ దాక ఉరుకుతరు. భజ్జీలమ్మే జమ్నాబెన్ నన్ను ఏడు తరాలు తిడ్తది.

నవ్వకు. నాకు ఏడుపొస్తుంటే నువ్వు నవ్వకు.

అదే పండవెట్టి పాతినోళ్ళమైతే ఇంకో యాడాది సాగేది. మనం మెడల లింగం కట్టుకున్నోళ్ళమాయె. మనల కాల్చద్దు, పండవెట్టద్దు, బతికున్నోని లెక్క కూసోవెట్టి మన్ను కప్పాలె. కూసున్నోనికి ముందుగాల బయటపడేది ఏంది? నెత్తే గదా! నాలుగేండ్ల కింద గా ముచ్చట ఎవ్వనికి తట్టింది?

అప్పుడేం చేస్తం? మండే ఎండాకాలం. ఊరికి తీస్కపోదామంటే నువ్వు ఆగేటట్టు లేకపోతివి. సూరత్‌ల కాల్చే జాగలు మస్తు, మనోళ్ళను కూసోవెట్టే జాగ యాడుంది? మన కొడుకు ఉమాకాంతు జాగ కోసం తిరిగి తిరిగి వచ్చిండు. ఆఖరుకు మన గుడిసె పక్కకే, ఈ ఇసుక దిబ్బ మీదనే తవ్విన్రు. తవ్వినకొద్దీ కూలుడే. నీళ్ళు చల్లుకుంట, తడకలు అడ్డం పెట్టుకుంట తవ్విన్రు. మనోళ్ళకు పూజలు చేసే జంగమయ్య పోలిస్టర్ దారం తీస్కొని నీ మడిమ కాడికెంచి బొటనేలు దాక పట్టిండు. ఆ దారం తోనే తొమ్మిది పాదాల లోతు కొల్చిండు. ఒక్క వేలు ఎక్కువ గాదు, తక్కువ గాదు. నువ్వు కూసున్నంక నీ నెత్తి మీద ఇంకా ఐదు పాదాల ఇసుక ఉండె.

ఐదు పాదాలు! ఇప్పుడేమున్నది? జానెడు. సరే, జానెడున్నర. నేను ఊకె తక్కువ జేసి చెప్త అనకు.

అగో, ఆ సేఠు బంగ్లా గోడ జూడు. నువ్వేం జూస్తవులే, నేనే చెప్త. ఆకాశానికి ఆనింది. విమానాలు దిగేటప్పుడు దాన్ని జూసి కాళ్ళు ముడుసుకుంటున్నయి. చంద్రుడు రోజూ సేఠును అడిగే అవతలికి దిగుతుండు...

ఏందట్ల జూస్తవు? సరే, సగం తీసెయ్. సగంల సగం తీసెయ్. ఇద్దరు మనుషులు ఒకని బుజం మీద ఒకడు నిలబడ్డంత. చాలా?

అది లేనప్పుడు అల ఎట్లొచ్చేది? దిబ్బ మీదికి ఎక్కేది, జర సేపు పండుకునేది, అలుపు తీర్చుకొని ఎల్లిపోయేది. ఇప్పుడు వచ్చి గోడకు నెత్తి గుద్దుకుంటుంది. సేఠును ఏమనలేదు గదా, నీ దిక్కు మర్రుతుంది. గోడ పక్కపొంటి వచ్చి ఇసుకను ఒడిల పోసుకొని పోతుంది. నీ ఎనుకాల జమ్నాబెనోళ్ళ ఇండ్లున్నయి. నువ్వు అయిపోయినంక వాళ్ళ పొయ్యిలకే వస్తది దరియా.

మరి గింత గోడ దరియా ఒడ్డుకు ఎట్ల కట్టనిచ్చిన్రు సర్కారోళ్ళు, అంటవు.

నేనే కట్టిపిచ్చిన.

అగో, మల్ల అదే మొకం! ఇది ఎక్కువ జేసి చెప్తున్న మాట గాదు. నిజంగ నేనే కట్టిపిచ్చిన. ఇటుకల్తోని గాదు, నోటితోని.

నువ్వు పోయినంక నన్ను కోసాడ్‌కు వాని ఇంటికి తీస్కపోయిండు గదా ఉమాకాంతు. నాలుగో అంతస్తు. ప్రసన్న మంచిదే, కోడలని వంక పెట్టద్దు. కని పొద్దున లేస్తే చీరలకు కుందన్లు అతికే పని, చేతుల జిగురు, చెవికి ఫోను. నేను మాట్లాడితే "హా అత్తమ్మా, హా అత్తమ్మా". ఓనాడు పరీక్షకని అన్న, "ప్రసన్నా, మెట్ల మీద పులి పండుకున్నదే" అని. "హా అత్తమ్మా" అన్నది! పులొచ్చినా ఇంటలేరు ఇంక, ఏం చెప్పాలె?

గట్లున్నప్పుడు ఉమాకాంతు వచ్చిండు. "అమ్మా, ఒక సేఠు మన గుడిసె తీస్కుంటడట. నాకు గేటుకాడ నౌకరి ఇస్తడట. సర్కారు సాబులొచ్చి అడిగితే గుడిసె మస్తు పాతదని చెప్పు, గంతే" అన్నడు. ఏందిరా అంటే, దరియా ఒడ్డుకు, ఇసుక దిబ్బల మీద కొత్తగ ఏం కట్టద్దట, కానూనున్నదట. ఆ కానూను రాకముందుకెంచే ఉన్న ఇల్లైతే మరమ్మతు చేసుకోవచ్చట. మన గుడిసె ముసల్దైతే, దాని పేరు మీద సేఠు మరమ్మతు చేస్కుంటడట. ఓ కిటికీ మారుస్తడేమో, రేకులు మారుస్తడేమో అనుకున్న నేను.

మరమ్మతు! జేసీబీ వచ్చి దిబ్బను రొట్టె పిండి లెక్క ఒత్తింది. రెండంతస్తుల బంగ్లా, నీళ్ళ హౌజు, గీ గోడ. ముంగట దరియా ఉండంగ ఎనుక ఈత కొట్టే హౌజెందుకో ఆ సేఠుకే తెల్వాలె.

గా సాబులొచ్చిన దినం యాది జేస్తే ఇప్పటికీ... ఏం చెప్పాలె. నన్ను కుర్చీల కూసోవెట్టిన్రు. చాయ్ తెప్పిచ్చిన్రు, ఫఫ్‌డా తెప్పిచ్చిన్రు. ముగ్గురు సాబులు నా చుట్టు కూసున్నరు. "బా, ఈ ఇల్లు ఎంత పాతది?" అన్నడు ఒకడు, అవ్వను పిలిచినట్టు. ఇరవై ఏండ్లు ఎక్కువ జేసి చెప్తే పనైపోయేది. నా నోరు ఆగుతదా?

"పాతదా?" అన్న. "మా మామకు తాత కట్టిండు. తెల్లదొరలు మొట్టమొదలు సూరత్‌ల పడవ దిగి ఎక్కడికొచ్చిన్రనుకున్నవు? ఈ గుడిసెకే! మా ముసలమ్మ చేతుల సల్ల తాగి, గింత సల్లగున్నది, ఇక్కడ్నే దుకాణం పెడ్దాం అనుకున్నరు. తాపీ నది పొంగి ఊరంత మునిగిన్నాడు ఏనుగులు కొట్టుకపోయినయి, మా చూరు మీద కోడి రెక్క తడ్వలే!"

ముగ్గురూ ఒక్కటే నవ్వుడు. ఒకడైతే కండ్లు తుడుసుకున్నడు. నవ్వుకుంటనే రాసుకున్నరు. నేను బొటనేలు ముద్ర ఏసిన.

నీకు తెల్వదా అసలు ముచ్చట? తాపీ పొంగినప్పుడు కొట్టుకపోయింది మన కిరాయి రూమే. నీ చెవులు అప్పటికే బట్టలు నేసే సాంచాల మోతకు పోయినయి, కార్ఖానల పనికి నిన్ను రానియ్యలే. పల్లికాయ ఉడకవెట్టి అమ్ముకుందామని ఈడికొచ్చి, వరద తర్వాత నాలుగు రేకులు ఏసుకున్న గుడిసె ఇది. తెల్లదొరలు గాదు, పోస్టుమాను గూడ రాలే దానికి.

మొన్న కొత్త సాబ్ వచ్చిండు. జమ్నాబెనోళ్ళు అర్జీ పెట్టుకున్నరట, దరియా ఇండ్లల్లకు వస్తుందని. ఎర్ర రంగేసిన కట్టెలు పాతుకుంట కొలుస్తుండు. ఉరికి పోయి కాళ్ళ మీద పడ్డ.

"సాబ్, గా గుడిసె పాతది గాదు. నేను అబద్ధం చెప్పిన. గోడ కూలగొట్టుండ్రి."

కాయితం తిప్పిండు. "బా, దీంట్ల అంగ్రేజోళ్ళ కాలంది అని ఉన్నది. ఇది నీ ముద్రేనా?"

"నాదే. అబద్ధం."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

నాకు మాట రాలే. ఎల్లవ్వకు మాట రాలే! రాసిపెట్టుకో గీ దినం.

మంచోడే పాపం. "సరే, చెప్పు. గోడ కట్టినంక ఇసుక ఎంత పోయింది?" అన్నడు. అగో, ఆడ తప్పింది నాకు దారి. ఐదు పాదాల ఇసుక జానెడైంది సాబ్ అంటే అయిపోయేది. నా చేతులు వాటంతట అవే లేసినయి. "ఏడు తాటిచెట్లంత సాబ్! మూడు ఊర్లు మింగింది! ఒంటెలు నిలబడ్డకాడ ఇప్పుడు తిమింగలాలు పండుకుంటున్నయి!" అన్న. కట్టెలు పట్టుకున్నోళ్ళు కిసుక్కుమన్నరు. సేఠు మనుషులు పకపక నవ్విన్రు.

గేటుకాడికెంచి ఉమాకాంతు వచ్చిండు, టోపీ చేతుల పట్టుకొని. "మా అమ్మకు జర దిమాగ్ సరిగ లేదు సాబ్, మాఫ్ చెయ్యుండ్రి" అన్నడు. నా మొకం చూడలే వాడు. వాన్ని ఏమనకు. గోడ కూలితే వాని నౌకరి గూడ దాని కిందనే పడ్తది.

సాబ్ పోయేటప్పుడు మెల్లగ అన్నడు. "బా, ఊకె మాటలతోని గోడ కూలదు. ఇసుక మునుపు ఎంత ఎత్తున్నదో చెప్పే పాత గుర్తు ఏదన్న చూపియ్యి. ఎవరన్న కొల్చి పెట్టింది, ఒక్క రాయన్న, కట్టెన్న. అమాస పోటు ఎంతదాక వస్తదో చూసెతందుకు అమాస తెల్లారి మల్లొస్త. అదే ఆఖరు."

కొల్చి పెట్టింది.

కోసాడ్ దాక రెండు బస్సులు మారిన. కిటికీల మొకం పెట్టి ఒక్కటే సోచాయించిన. ఈ ఒడ్డుకు ఎవడు ఏం కొల్చిండు? అందరు కండ్లతోని చూసినోళ్ళే, కొల్చినోడెవ్వడు? అమ్రోలి కాడ బస్సు గుంతల పడ్డది, నా నెత్తి రేకుకు తగిలింది, అప్పుడు తట్టినవు నువ్వు.

నీ పాదంతోని తొమ్మిది, నువ్వు కూసున్న అడుగుకెంచి అప్పటి ఇసుక పైదాక. ఒక్క వేలు ఎక్కువ గాదు, తక్కువ గాదు. నా బతుకుల నేను పెంచి చెప్పని లెక్క అదొక్కటే. తవ్వినోళ్ళు ఇంకా వడోద్‌లనే ఉన్నరు, జంగమయ్య ఉన్నడు. అడిగితే సాక్ష్యం చెప్తరు. జంగమయ్య మాటను ఎవడూ సగం తియ్యడు.

కని చూపిస్తే ఏమైతది? పోలీసోళ్ళొస్తరు. ఎవడు పాతమన్నడు, ఎవని పర్మిషన్ అంటరు. నిన్ను సంచిల ఎత్తుకపోతరు. నిన్న రాత్రి అన్నం కాడ ఉమాకాంతు అన్నడు, "అమ్మా, చప్పుడు గాకుంట తవ్వి తీసి తాపీ ఒడ్డుకు కాలుస్త నాయినను. ఎవ్వనికీ తెల్వది" అని. కాల్చుడా? లింగం కట్టినోన్ని కాల్చుడా? కంచం ఇసిరేసిన. ప్రసన్న ఫోను కిందపెట్టింది, గంత కోపమొచ్చింది నాకు.

గోడ కూలినా నువ్వు పోతవు. కూలకున్నా పోతవు. దరియా తీస్కపోతే బొక్కకో దిక్కు. పోలీసోళ్ళు తీస్కపోతే అన్ని ఒక్కకాడన్న ఉంటయి. గిది నాకున్న బేరం. చెప్పు, నువ్వైతే ఏం జేస్తవు?

చెప్పవు. ఎప్పుడు చెప్పినవు గనుక!

ఒక్క ముచ్చట చెప్త, ఇను. సేఠు నాకేం ఇయ్యలే. వాని నౌకరి కోసం చెప్పుమన్నడు కొడుకు, నిజమే. కని తెల్లదొరల కథ నౌకరి కోసం అల్లలే నేను.

నీ చెవులు పోయినంక నీకు చిన్న మాట ఎక్కకపోయేది. బియ్యం అయిపోయినయి అంటే ఇనకపోదువు. చేతులు ఇంతింత చాపి, కండ్లు పెద్దగ జేసి, "ఎలుకలు కరువొచ్చి ఊరు ఇడిసి పోతున్నయి" అన్నట్టు చెప్తేనే నవ్వుదువు, లేసి పోయి తెద్దువు. గట్లనే అలవాటైంది. ఇన్నేండ్లు నా చేతులనే ఇన్నవు నువ్వు. ఈ దునియాల నా మాట మొత్తం ఇన్నది ఒక్క చెవిటోడే.

నువ్వు పోయినంక ఎవ్వడు ఇనలే. ఆ దినం ముగ్గురు మనుషులు నా చుట్టు కూసొని, నా నోరు చూసుకుంట నవ్విన్రు. అచ్చం నీ లెక్క. ఇంకొంచెం సేపు కూసోవెట్టుకోవాలనిపిచ్చింది. ఒక్క మాటకు ఇంకో మాట అతికిన. గంతే, ఉమాకాంతు నాయినా. గోడ అందుకే లేసింది. నిన్ను ఇడిసిపెట్టి ఉండలేక అబద్ధమాడిన, అది వచ్చి నిన్నే తవ్వుతుంది.

అగో, అమాస పోటు మొదలైంది. జమ్నాబెన్ బండి ఎనుకకు గుంజుకుంటుంది, నన్ను పిలుస్తుంది, రా ఎల్లూబెన్ అని. పోత. తట్ట బోర్లేసిన. ఇయ్యాల ఇసుక పొయ్య.

రేపు పొద్దుగాల సాబ్ వచ్చినప్పుడు చేతులు కొంగుల కట్టుకుంట. తాటిచెట్లు లేవు, తిమింగలాలు లేవు. "మా ఆయన, సోమలింగం. తొమ్మిది పాదాలు" అని మూడు ముక్కలు చెప్పి నోరు మూస్త. మిగిలింది నువ్వే చెప్పాలె. నీకు మాట్లాడుడు రాదని నాకు తెల్సు. ఊకె కూసో. ఎట్ల కూసోవెట్టిన్రో గట్లనే కూసో.

ఇందాక తల వంచుమన్న గదా. వద్దులే.

ఎత్తు.