బేస్తారం పదకొండు గంటల ప్రార్థన

మా చర్చి యువజన కూటంలో నేను చేయాల్సిన ప్రసంగానికి "పనిపాటల నడుమ దేవుని మీద మనసు నిలపడం ఎలా" అని పేరు పెట్టారు. నాకేమీ తోచలేదు. పటాన్‌చెరులో గ్లూకోజ్ సీసాల కంపెనీలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మా అమ్మమ్మ సువార్తమ్మ ముందు టేపు రికార్డరు పెట్టి, అదే ప్రశ్న ఆమెను అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టే ఇది.

ఏందీ, మనసు నిలుపుడా? అబ్బో! గంత పెద్ద పేరు ఎవరు పెట్టిన్రే? మీ కూటం ప్రెసిడెంటేనా, వాక్యం నడుస్తుంటె సెల్లుల మెసేజ్‌లు కొట్టుకునే పిలగాడు? ఆయనకే తెలువాలె మరి మనసు నిలుపుడు. ఆ డబ్బ తిరుగుతున్నదా? జెర ఆ కిటికీ దగ్గరకెయ్యి. బస్సులు పోతుంటె నా మాట దాంట్ల పడదు.

ఇగ చూడు, నేను చెప్పేది నీ ప్రసంగానికి పనికొస్తదో రాదో. దేవుడు నాకు మెరుపుల కనవడలే, కలల కనవడలే. అట్ల కనవడ్డోళ్ళు మన చర్చిల నలుగురున్నరు, వాళ్ళనడుగు, నీ కాయితాలు నిండుతయి. నేను చెప్పేది నేను చేసిన ఒక తప్పు గురించి. ఏం తప్పంటవా? ప్రార్థన చేసిన. గట్ల చూడకు బిడ్డా, నిజమే చెప్తున్న. రాసుకో.

మీ అమ్మ అప్పుడు ఎనిమిదో తరగతి... కాదు కాదు, తొమ్మిది. లెక్కల తప్పి మళ్ళ అదే తరగతి చదివింది, చెప్పిన్నని చెప్పకు. మీ తాతకు లారీల మీదికి ఇనుము ఎక్కించే పని దొరికింది. సంగారెడ్డి ఇడిసిపెట్టి ఇస్నాపూర్ల రూము తీసుకున్నం. ఎనిమిది రూములకు నీళ్ళ నల్ల ఒక్కటే. కిరాయి అరవై రూపాయలు. అరవయ్యా అని మా అత్త నెల రోజులు నాతోని మాట్లాడలే, ఆ నెలంత నాకు పానం మంచిగుండె. అప్పుడప్పుడే కంపెనీలు లేస్తున్నయి. వాటి మురికి వాగుల కలిసి, అటు దిక్కు గాలి కొడితె కండ్లల్ల నీళ్ళు కారుతుండె. ఒకసారి మన అయ్యగారు, అప్పటి పాస్టరు, మా రూముకు వచ్చి నన్ను చూసి "పశ్చాత్తాపంతో ఏడుస్తున్నవా అమ్మా" అన్నడు. అయ్యగారూ, ఇది వాగు వాసన అని ఎట్ల చెప్త? అవునయ్యగారూ అన్న. ఆదివారం నా సాక్ష్యం గురించి చర్చిల చెప్పిండు గూడ.

ఏం చెప్తున్న? ఆఁ, పని. నాది చెకింగ్ పని. గాజు సీసల నిండ గ్లూకోజ్ నీళ్ళు, దవాఖానల నరానికి ఎక్కిస్తరు సూడు, అవి. టేబుల్ మీద ఒక లైటు పెట్టె, దాని వెనుక సగం నలుపు, సగం తెలుపు. సీసను మెడ పట్టి తలకిందులు చేసి మెల్లగ తిప్పాలె. నలుపు వైపు పెడితె తెల్లటి పోగులు, గాజు కనవడుతయి. తెలుపు వైపు పెడితె నల్లటి నలుసు కనవడుతది. ఏం లేకుంటె మంచి క్రేటుల, ఏమన్న ఉంటె ఎర్ర క్రేటుల. ప్రతి క్రేటుల మన నంబరు చీటి వెయ్యాలె. నాది పద్నాలుగు. ఎనిమిది గంటలు గదే. చూసుడు, తిప్పుడు, పెట్టుడు. నా పక్క టేబుల్ యాదమ్మది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట పిల్ల, నా కంటె పదేండ్లు చిన్నది. ఆమె నోరు పొద్దున ఎనిమిదికి తెరుస్తె నాలుగింటికి మూస్తుండె. అత్త, ఆడబిడ్డ, భవాని గుడి జాతర, చీరలు. గని ఆ కండ్లున్నయి చూడు, ఒక్క నలుసును పోనియ్యకపోతుండె. నేనేమో మనసుల "ఈమెకు భక్తి లేదు, బుద్ధి లేదు, ఉత్త ముచ్చట్లే" అనుకుంటుంటి. నేను శానా భక్తిపరురాలిని మరి.

నలభై దినాల ఉపవాసాలు వచ్చినయి. ఆ ఏడు అయ్యగారికి కొత్త ఆలోచన వచ్చింది, గొలుసు ప్రార్థన. వారంల ప్రతి గంటకు ఒకరు ప్రార్థన చెయ్యాలె, సంఘం ప్రార్థన ఒక్క నిమిషం గూడ తెగొద్దు. చర్చి సంగారెడ్డిల, మేముండేది ఇస్నాపూర్ల. మా బస్సు వచ్చేటాలకు మంచి గంటలన్ని అయిపోయినయి. టీచరమ్మలు, ఆఫీసు అమ్మలు పొద్దున ఆరు, ఏడు తీసుకున్నరు, కాఫీ తాగుకుంట చేసుకునే గంటలు. నాకు బేస్తారం, గదే మీ గురువారం, పదకొండు నుంచి పన్నెండు మిగిలింది. పగటిపూట. "అయ్యగారూ, నేను కంపెనీల ఉంటగదా" అన్న. "టీచరమ్మలకు బడి ఉంటదమ్మా. నీది చేతుల పని గదా, నోరు ఖాళీయే ఉంటది" అన్నడు. పెద్దోళ్ళ ముందట వద్దంటె నామర్ద అని సరే అన్న. కార్డు ఇచ్చిన్రు. దేనికోసం ప్రార్థన చెయ్యాల్నో అందుల రాసుండె. అయ్యగారి స్కూటరు, చర్చి కాంపౌండు గోడ, కొత్త మైకు సెట్టు, సెక్రటరీ కొడుకు పరీక్ష, ఇంక శానా ఉండె. ఆఖర్న "లోకమందలి రోగులు" అని ఒక్క ముక్క. రోగులకు ఒక గీత, మైకుకు మూడు గీతలు.

నవ్వుతవేందే? నువ్వు తిరిగే ఎర్రజెండ యూనియన్ల మీ నాయకులు రాసే కాయితాలు నేను చూడలేదా? "శ్రామిక జనావళి" అని పైన పెద్దగ రాస్తరు, కింద చూస్తె వాళ్ళ వాళ్ళ పేర్లే. అందరి కార్డులు ఒక్కటే బిడ్డా.

మొదటి బేస్తారం వచ్చింది. పదకొండు కొట్టంగనే మొదలువెట్టిన. ఇగ మాకు చిన్నప్పటి నుంచి ఏం నేర్పిన్రు? కండ్లు తెరిచి చేసేది ప్రార్థనే కాదని. సండే స్కూల్ల కండ్లు తెరుస్తె స్కేలుతోని కొడుతుండె మా టీచరు. ఆమె కండ్లు తెరుచుకోకుంట మమ్మల్ని ఎట్ల చూస్తుండెనో ఆ దేవునికే ఎరుక. సీస పట్టుకుంటున్న, కండ్లు మూస్తున్న, "ప్రభువా, కాంపౌండు గోడ" అంటున్న. చెయ్యి దాని పని అది చేస్తున్నది. తిప్పుతున్నది, క్రేటుల పెడుతున్నది. మళ్ళ సీస, మళ్ళ కండ్లు. గంట అయిపోయింది. అబ్బ, ఎంత తృప్తి! పరలోకంల నాకు కుర్చీ ఏసిన్రనుకున్న.

రెండో బేస్తారం గూడ అట్లనే. పన్నెండు కొట్టినంక కండ్లు తెరిస్తె యాదమ్మ నన్నే చూస్తున్నది. నోరు మూసుకొని చూస్తున్నది. అది చూసి భయమైంది నాకు.

"ఏమక్కా, మీ యేసయ్య కండ్లు మూసుకుంటెనే కనవడుతడా?" అన్నది.

"ఏందే ఆ మాట? ప్రార్థన చేసుకుంటున్న."

"చేసుకో, ఎవరొద్దన్నరు? మరి సీసలు ఎవరు చూసిన్రు?"

నా ఎర్ర క్రేటు చూసిన. ఖాళీ. గంటసేపట్ల ఒక్క సీస గూడ తియ్యలే. రోజూ గంటకు నాలుగో ఐదో ఎల్తుండె. యాదమ్మ ఎర్ర క్రేటుల ఆరున్నయి. బిడ్డా, నీళ్ళు అవే, మిషను అదే. నా దిక్కు వచ్చిన సీసలే పవిత్రంగ వచ్చినయా?

మంచి క్రేట్లు అప్పటికే పక్క హాలుకు పోయినయి, లేబుళ్ళు అంటించనీకి. పద్నాలుగు నంబరు చీట్లు ఏసుకొని పోయినయి. ఎవ్వరికి తెల్వదు. నేను, యాదమ్మ, గంతే.

చెప్తె అయిపోవు గద అంటవు. ఇను. వచ్చే నెల పర్మనెంట్ లిస్టు. నాలుగేండ్ల సంది టెంపరరీ చేస్తున్న. నా పేరు లిస్టుల ఉన్నదని ఆఫీసు ప్యూను చెప్పిండు. మీ తాతకు అప్పుడే ఇనుప కడ్డీ పడి కాలు వాచి ఇంట్ల కూసున్నడు. పర్మనెంట్ అయితె దవాఖాన చిట్టీ ఇస్తరు, ఇంటోళ్ళకు గూడ వైద్యం ఉత్తగనే. నోరు తెరిస్తె అది పోతది. తెరవకపోతె ఆ సీస పోతది, ఎవరో ఒకరి నరానికి ఎక్కుతది.

దేవున్ని అడిగిన. ప్రభువా, ఏం చెయ్యాలె చెప్పు అన్న. ఏం మాట్లాడలే. ఎందుకు మాట్లాడుతడు? గంటసేపు స్కూటరు, మైకు అని ఆయనకు నేను సందియ్యలే. ఇప్పుడు నాకు అవసరమైతె ఆయన గూడ అట్లనే కూసున్నడు. లేకుంటె యాదమ్మ నోటితోని ముందే చెప్పిండేమో, నాకే ఆమె నోరంటె చులకన.

అన్నం గంట కొట్టిన్రు. తినబుద్ధి కాలే. మా సూపర్‌వైజర్ శేఖర్ సారు దగ్గరకు పోయిన.

"సార్, నా క్రేట్లు వాపస్ తెప్పియ్యిన్రి. పదకొండు నుంచి పన్నెండు వరకు నేను చూడలే."

"నిద్రపోయినవా సువార్తమ్మా?"

"లేదు సార్. ప్రార్థన చేసిన."

ఆయన రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకొని అట్లనే ఆగిండు. నిద్రకు మెమో ఉన్నది, ముచ్చట్లకు మెమో ఉన్నది, బీడీకి ఉన్నది. ప్రార్థనకు గడి లేదు ఆ పుస్తకంల. "నిద్రపోయిన అని రాస్త, పరవాలేదా?" అన్నడు. ఆయన మంచితనమే అది, ప్రార్థన అని రాస్తె పైన మేనేజరు నవ్వుతడని. వద్దు సార్, ఉన్నదే రాయిన్రి అన్న. రాసిండు. "షిఫ్టు అయినంక కూసొని అన్ని మళ్ళ చూడు. ఓటీ రాదు" అన్నడు.

నాలుగింటికి అందరు పోయిన్రు. నేను లైటు ఏసి కూసున్న. చూస్తె యాదమ్మ గూడ వచ్చి తన స్టూలు మీద కూసున్నది. "నీ బస్సు పోతదే" అన్న. "పోనీ. ఈ పొద్దు మా అత్తకు వంట చేసే భాగ్యం దొరకాలె" అన్నది. నేను పిలవలే. ఆమె ఉత్తగనే వచ్చింది. సగం క్రేట్లు తన దిక్కు గుంజుకున్నది.

ఐదో క్రేటుల దొరికింది. నలుపు వైపు తిప్పంగనే అడుగు నుంచి ఉప్పు రవ్వంత గాజు లేచింది. లైటుకు ఒక్కసారి మెరిసింది, మళ్ళ మెల్లగ కిందికి దిగింది. ఆమె "భవానమ్మా" అన్నది, నేను "ప్రభువా" అన్న. ఉప్పు రవ్వంత గాజుకు ఇద్దరు దేవుళ్ళు హాజరు. తర్వాత ఇద్దరి నోర్లు మూతవడ్డయి. దినమంత మూతవడని నోరు గూడ.

ఇగ అక్కడి నుంచి ఏమైందంటె... ఎట్ల చెప్పాలె? ఒక్కొక్క సీస ఎత్తుతుంటె దాని వెనుక నాకు ఒక చెయ్యి కనవడ్డది. సూదులు గుచ్చి గుచ్చి నల్లవడ్డ చెయ్యి. ఒకసారి ముసలామెది, ఒకసారి చంటిపిల్లది. నేను ఏం పదాలు అనలే. కండ్లు మూయలే. చూసిన, గంతే. పొద్దుగూకినట్టు గూడ తెల్వదు. ఎవరో పక్కన కూసున్నట్టే ఉండె. అవును, యాదమ్మే కూసున్నది, తెలుసు నాకు. ఆమే గాదు అంటున్న. ఆమే అంటున్న. చూడు, ఇది రాస్తె మీ అయ్యగారు నన్ను సభ్యత్వం నుంచి తీసేస్తడు. రాయకు. లేకుంటె రాయి. అరవై దాటినదాన్ని తీసేసి ఏం చేసుకుంటడు?

మొత్తం నాలుగు సీసలు ఎల్లినయి. శేఖర్ సారు లెక్క రాసుకున్నడు.

ఆదివారం పోయి అయ్యగారికి కార్డు వాపస్ ఇచ్చిన. "గొలుసు తెగిపోతదమ్మా" అన్నడు. "అయ్యగారూ, నోరు ఖాళీయే గని కండ్లు ఖాళీ లేవు" అన్న. ఆయనకు అర్థం కాలే. పై వారం ఒక సహోదరి విశ్వాసంల చల్లారిందని బోధల చెప్పిండు. టీచరమ్మలు తిరిగి తిరిగి చూసిన్రు నన్ను. కండ్లు తెరుచుకొనే చూసిన్రు, అదొక మంచిది.

పర్మనెంట్ లిస్టు వచ్చింది. యాదమ్మ పేరున్నది, నా పేరు లేదు. ఆమె మిఠాయి డబ్బ పట్టుకొని నా టేబుల్ కాడికి వచ్చి, ఇయ్యలేక నిలవడ్డది. నేనే గుంజుకొని తిన్న. తిని, బాత్రూములకు పోయి ఏడ్చిన. సత్యం చెప్తె సంతోషమైతదని మీ ప్రసంగాలల్ల చెప్తరు గదా, నాకు కాలే. కడుపు మండింది. మూడేండ్లు పట్టింది మళ్ళ లిస్టుల ఎక్కనీకి.

— ఇది దోపిడీ అమ్మమ్మా!

ఆగాగు, జెండ ఎత్తకు. దోపిడీ లేదని నేనంటినా? నాలుగేండ్లు టెంపరరీ ఉంచుడు దోపిడే. గాజు కంపెనీదే. కండ్లు మూసుకున్నది మాత్రం నేను. అది గూడ కంపెనీ మీద ఏస్తె, ఇగ నాకేం మిగిలిందే?

ఒకటి చెప్పలే నీకు. మొదటి బేస్తారం సీసలు. సారుకు ఆ దినమే చెప్పిన. "అవి లారీ ఎక్కినయి, లాబుల చూసే ఉంటరు, ఏం గాదు" అన్నడు. ఏం గాలేదేమో. అయిందేమో. నాకెవరు జాబు రాస్తరు? మీ తాత మర్చిపో అన్నడు. యాదమ్మ గూడ మర్చిపో అక్కా అన్నది. అందుకే బేస్తారం పదకొండు అయితె నేను ఏ పనిల ఉన్న, బియ్యం ఏరుతున్న, బట్టలు ఆరేస్తున్న, ఆ సీసలు ఎక్కించుకున్నోళ్ళ కోసం దేవున్ని అడుగుత. పేర్లు తెల్వవు, ఊర్లు తెల్వవు. చర్చిల నాలుగు పాటలు పాడి సాక్ష్యం చెప్పనీకి ఏం లేదు అందుల. ఎప్పుడో ఎక్కిన నీళ్ళకు ఇప్పుడు అడుగుడేందని దేవుడు నవ్వుకుంటడేమో. నవ్వుకోని. ఇంటున్నడు గద.

సరే, బంద్ చెయ్యి ఆ డబ్బ. ప్రసంగానికి ఇది పనికిరాదు, తెలుసు నాకు. నువ్వే ఏదో ఒకటి జోడించుకుంటవ్, మాటలకేం తక్కువ నీకు. చల్లగుండు బిడ్డా. నీ చేతుల నుంచి ఏది పోయినా, పోకముందే అది నీకు కనవడాలె. గదే అడుగుత నీ కోసం. స్కూటరు గీటరు నువ్వే అడుక్కో... ఇంక తిరుగుతున్నదా ఏంది అది...