పేడదిబ్బ పక్క కంకులు

ఏమప్పా, వ్యవసాయం కాలేజీలో సదువుతాండావు, ఇత్తనానికి కంకులు యాడ ఏరాలో తెలీదా? పేడదిబ్బ పక్కన లావుగా ఉండాయని ఏరుకొస్తే అయిపాయనా? కూచో, చెప్తా. మాయక్క భీమమ్మ బతికుంటే నిన్ను చూసి నగేది.

యాభైమూడో యాభైనాలుగో, కరువు పోయిన మరుసటేడు. నందికొట్కూరు పక్కన మాది ఎర్రనేల, కొర్ర తప్ప ఏం పండదు. మొగుడు సచ్చిపోతే మాయక్క నా ఇంటికొచ్చె. శానా పనిమంతురాలు, నోరు కూడా అంతే. సంగటి కెలికేటప్పుడు పలకరిస్తే తెడ్డెత్తుకోనొచ్చేది, ఒకసారి కరణంగారినే... సర్లే, అది వేరే కత. ఆ యేడు ఆయమ్మ దిబ్బ పక్కన లావు లావు కంకులేరి ఇత్తనానికి మూట కట్టె. మేమంతా భేష్ అంటిమి. మరుసటేడు ఇత్తితే వాన బాగానే పడె గాని, కంకులు యేలెడంత. మొగుడు లేనిదాని చెయ్యి తగిలితే ఇత్తనం పండుతాదా అని ఊర్లో ఆడోళ్ళు గొణిగిరి. వాళ్ళనేమనేది? నేనూ అంటినప్పా. కోతప్పుడు, కూలోళ్ళందరి ముందర. "అక్కా, ఇంక నువ్వు ఇత్తనం ముట్టుకోవద్దు" అంటి. అంత నోరున్న మనిషి, కొడవలి ఆడనే పడేసి ఇంటికి పాయ. రెండు దినాలు కూడు తినల్యా.

మూడో దినం అక్క నా పెండ్లాము సిద్దమ్మను చేన్లోకి పిల్చుకపాయ. దిబ్బ పక్కన యా మొక్కయినా బలుస్తాది, నడిచేన్లో ఆకలికి తట్టుకోని కంకి పట్టిందే మంచి ఇత్తనమని దానికి చెప్పినాదంట. సిద్దమ్మ దిబ్బ పక్కవి ఏరె, అక్క నడిచేన్లోవి ఏరె. నాకు తెలీదు సుమా. మళ్ళా వానకు నేను సంతలో కొన్న ఇత్తనం చేనంతా యేస్తి. వాళ్ళిద్దరూ ఎరువు ముట్టని రాళ్ళ మూలన అవి రెండు సాళ్ళు, ఇవి రెండు సాళ్ళు పక్కపక్కనే ఇత్తిరి. ఒకటే నేల, ఒకటే వాన.

కోతలకు సిద్దమ్మ నా చెయ్యి పట్టుకోని ఆడికి తీసుకపాయ. రెండు సాళ్ళల్లో కంకులు బరువుకు వంగిపోయినాయి, పక్క రెండింట్లో గింజే లేదు.

"ఈ పీల సాళ్ళు ముత్తైదువ చెయ్యి. ఆ పండినవి నీ అక్క చెయ్యి. ఇప్పుడు చెప్పు, యా చెయ్యి మంచిది కాదో" అనె.

ఆడనే గట్టు మీద కూలబడితి. సిగ్గాయ, ఏడుపూ వచ్చె. అయినా అబ్బా, ఎంత నెమ్మది అనిపించెనో. యేడాది నుంచి అక్క మొగం సూడాలంటే నాకు భయమప్పా.

మళ్ళా ఇత్తేటప్పుడు, గొర్రు కట్టినాము, ఊరోళ్ళంతా ఉండారు. ముత్తైదువే మొదటి గింజ పొయ్యాలని మా పక్క ఆనవాయితీ. నేను ఒడినిండా గింజలు తీస్కపోయి అక్క ముందర నిలబడితి. నువ్వే పొయ్యి అంటి. చెయ్యి చాపల్యా.

"అందరి ముందర అంటివి గదా నరసింహా. అందరి ముందరే చెప్పు."

చెప్తినప్పా. తప్పు నాది, నీ చేతిది కాదని ఎడ్లు బెదిరేంత గట్టిగా చెప్తి. అప్పుడు చాపె చెయ్యి. ముప్పై యేండ్లు ఆ చెయ్యే మొదటి గింజ... ఆ... ఆ చెంబుడు నీళ్ళు ఇట్లియ్యప్పా.